ఆకాశరామన్నలూ, మన తాళంచెవులూ

(కోనసీమలో ఒక పేట కమ్యూనిటీ హాల్లో, మూడు పేటల కార్యకర్తలకు జరిగిన రాత్రి తరగతిలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం. పదిమంది కూడినచోట చదివి వినిపించండి.)

 

పొద్దంతా దింపుల్లోనూ ఊడ్పుల్లోనూ నడుం వంచి వచ్చారు. ఇప్పుడు మళ్ళీ పాఠమా అని కొందరికి ఉంటుంది. మైకు దొరికితే మేష్టార్లు వదలరని మాకు పేరు కూడా ఉంది. అయినా ఈ రాత్రి చెప్పక తప్పని సంగతి ఒకటుంది.

మా నాన్న కొబ్బరి దింపు కూలీ. అక్షరం రాదు. ఆయన తరంలో మా ఇంటికి లంకలో కాస్త సాగుభూమి ఉండేది. ఒకనాడు ఒక పెద్దమనిషి కాగితం తెచ్చి, 'ఏం లేదురా, లెక్క కోసం' అని బొటనవేలికి సిరా పూశాడు. మా నాన్న వేలిముద్ర వేశాడు. ఆ ఏడు పంట కోతకి వెళ్తే గట్టు మీద వేరేవాడు నిలబడి ఉన్నాడు. అందుకే మా నాన్న మమ్మల్ని చదివించాడు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే.

మరి చదువుకున్న మనం ఏం చేశామండీ? ఫోన్లో ఎవడో ఆరంకెలు చెప్పమంటే చెప్పేశాం. మా నాన్నకి చదువు లేక వేలిముద్ర వేశాడు. మనం చదువుండీ వేశాం. ఆ ఆరంకెలు కూడా వేలిముద్రేనండీ.

జరిగింది మీలో చాలామందికి తెలుసు. తెలియని వాళ్ళ కోసం చెబుతాం. మన మూడు పేటలకీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ఎవరికి రక్తం కావాలన్నా, ఎవరి పెన్షన్ ఆగినా, కువైట్‌లో పనికి వెళ్ళిన మన అక్కలకు ఏ కబురు చెప్పాలన్నా అందులోనే. ఒక ఏడు అంబేడ్కర్ జయంతికి రెండు రోజుల ముందు, ఆ గ్రూపు పెట్టిన మన అన్నకు ఒక మెసేజ్ వచ్చింది. తెలిసినవాళ్ళ నంబరు నుంచే వచ్చింది. 'అన్నా, నాకు రావాల్సిన కోడు పొరపాటున మీకు వచ్చింది, కాస్త పంపండి' అని. మంచివాడు కదా, పంపేశాడు. ఆ తెలిసినవాళ్ళ నంబరు కూడా అప్పటికే దొంగ చేతిలో పడిందని ఆయనకేం తెలుసు?

పది నిమిషాల్లో అన్న ఫోన్లో వాట్సాప్ మూతపడింది. ఆయన పేరుతో ఇంకొకడు గ్రూపులోకి వచ్చాడు. మిగతా అడ్మిన్లందరినీ తీసేశాడు. బాబాసాహెబ్ ఫొటోని చెప్పులతో, బూతులతో కలిపి గ్రూపు బొమ్మగా పెట్టాడు. మన ఆడవాళ్ళ మీద నోటికి రాని మాటలు రాశాడు. అంతటితో ఆగలేదు. 'ఆసుపత్రి ఖర్చు, అర్జెంటు' అని కువైట్‌లో ఉన్న అక్కలను డబ్బు అడిగాడు. ఒక అక్క పంపింది. ఇంకొకరి ఇంట్లో గిన్నెలు కడిగి కూడబెట్టిన డబ్బు అది.

ఇక మనం ఏం చేశామో అది కూడా చెప్పాలి. తప్పు దాచుకుంటే తరగతి ఎందుకు?

ఒకటి. అసహ్యమేసి ఆ బొమ్మలూ బూతులూ అన్నీ డిలీట్ కొట్టేశాం. మర్నాడు స్టేషన్‌కి వెళ్తే 'ఏదీ, చూపించండి' అన్నారు. చూపించడానికి ఏమీ లేదు. మన డిలీట్‌తో మన కేసూ డిలీట్ అయిపోయింది.

రెండు. డిలీట్ చేయని వాళ్ళు 'చూశారా ఎంత దారుణమో' అని ఆ బొమ్మనే పది గ్రూపులకు పంపారు. ఆ దొంగ ఒక్కచోట పెట్టాడు. ఊరూరా తిప్పింది మనమే. పూర్వం వాళ్ళకి చాటింపు వేయడానికి డప్పు కొట్టేవాడు కావాలి. ఇప్పుడు వాళ్ళ చాటింపు కూడా మన చేతే ఉచితంగా వేయిస్తున్నారు.

మూడు. ఇది అన్నిటికంటే బాధ. మన కుర్రాళ్ళు ఇద్దరు, ఫలానా ఊరివాళ్ళే చేశారని అనుమానపడి, వాళ్ళ గ్రూపులో వాళ్ళ కులాన్నీ వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళనీ తిట్టారు. వాళ్ళు తెలివిగా దాన్ని ఫొటోలు తీసి దాచుకున్నారు. ఎవరి మీద కేసు పడింది? మన వాళ్ళ మీద. ఒక తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగానికని తెల్లారుజామున ఏటిగట్టు మీద పరిగెత్తేవాడు. ఇప్పుడా పిల్లాడు పరుగు మానేశాడు. 'కేసుందంట కదా మేష్టారూ, ఇంక ఎందుకు' అంటున్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ తరగతి.

ఈ తిట్టేవాళ్ళకి ఇప్పుడు ట్రోలర్లు అని పేరు పెట్టారు. పేరు కొత్త, మనిషి పాత. మన పెద్దలకి తెలుసు, ఆకాశరామన్న ఉత్తరాలు అనేవారు. సంతకం ఉండదు, ఊరు ఉండదు. మన వాడికి ఉద్యోగం వస్తే పై అధికారికి ఆకాశరామన్న ఉత్తరం. మన పిల్ల పెళ్ళి కుదిరితే వియ్యాలవారికి ఆకాశరామన్న ఉత్తరం. ఇప్పుడు ఆ ఆకాశరామన్నే దొంగ పేరుతో, దొంగ ఫొటోతో ఫోన్లోకి వచ్చాడు. వెనకటికి ఒక ఉత్తరం ఒక ఇంటికి వెళ్ళేది. ఇప్పుడు ఒక్క వేలి తాకుడుకి వెయ్యి ఇళ్ళకి వెళ్తుంది.

వాడికి కావలసినవి రెండే. మనం కోపంతో ఒళ్ళు మరిచి నోరు జారాలి, లేదా సిగ్గుతో నోరు మూసుకుని తప్పుకోవాలి. నోరు జారితే కేసు మన మీద పెడతాడు. నోరు మూసుకుంటే మైదానం వాడిది అవుతుంది. రెండూ వాడికి లాభమే. మనం ఎంచుకోవలసింది మూడో దారి. ఆ దారి పేరు లెక్క రాయడం. ఎవడు, ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నాడో లెక్క రాసి పెట్టడం.

ఫోన్లో మాటలే కదా, పోనిద్దురూ అని కొందరు పెద్దలంటున్నారు. అమలాపురం మరిచిపోయారా? 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న ప్రభుత్వం ఆ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తామని ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలుంటే నెల రోజుల్లో చెప్పమంది. అభ్యంతరం చెప్పుకోవడానికి కాగితం ఉంది, కలెక్టరాఫీసు ఉంది. కాని ఏం జరిగింది? మే 24న వేల మంది రోడ్డెక్కారు. మన మంత్రి పినిపే విశ్వరూప్ గారి ఇంటికీ, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ గారి ఇంటికీ నిప్పు పెట్టారు. బస్సులు తగలబెట్టారు. పోలీసులకు దెబ్బలు తగిలాయి. అంతమంది అంత తొందరగా ఎలా కూడారు? వాట్సాప్ గ్రూపుల్లో పిలుపులు వెళ్ళాయని పోలీసులే చెప్పారు. ముందు ఫోన్లలో వెటకారం వచ్చింది, తరవాత తిట్లు వచ్చాయి, ఆ తరవాత అగ్గిపుల్ల వచ్చింది. అందుకని ఫోన్లో తిట్టుని మాటేలే అని వదలకూడదు.

అమలాపురం ఇంకో పాఠం కూడా చెప్పింది. ఆ గొడవ తరవాత ఎన్నో రోజులు జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పని చేసుకునే పిల్లలు సిగ్నల్ కోసం గోదావరి గట్లు పట్టుకు తిరిగారు. మన సంఘాలు కూడా మూగబోయాయి. ఎందుకంటే ఎవరి నంబరూ ఎవరికీ కంఠతా రాదు, పుస్తకంలో రాసుకోలేదు. అంతా ఫోన్లోనే. ఆ రోజుల్లో పని చేసింది సైకిళ్ళూ కాళ్ళూనే. అందుకని చెబుతున్నాం, గ్రూపు మన సంఘం కాదు. గ్రూపు పోయినా నిలబడేదే సంఘం. ప్రతి పేటకీ ఒక నోటు పుస్తకం ఉండాలి. అందులో పేర్లూ నంబర్లూ సిరాతో ఉండాలి. ఆ పేరు మార్పు సంగతి ఏమయిందంటారా? ఆ ఏడు ఆగస్టులో ఖాయమైంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.

ఇక మన ఇంటి సంగతి. ఇది చెప్పడం కష్టం, అయినా చెప్పాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు కూర్చుని, ఆరుగురు ఔననీ ఒకరు కాదనీ, ఎస్సీల్లో వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పారు. దాని మీద మనలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఉంటాయి. మాదిగ పేటలో ఒక న్యాయం కనబడుతుంది, మాల పేటలో ఒక భయం కనబడుతుంది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి అది. ఈ హాల్లోనే మాట్లాడుకుందాం, రాత్రి తెల్లవార్లూ మాట్లాడుకుందాం. కాని ఆ తీర్పు వచ్చిన వారంలో మన గ్రూపులో ఏం జరిగింది? జై భీమ్ అని పేరు పెట్టుకున్న ఒకడు మాలలను పట్టుకుని రాయకూడని మాట రాశాడు. అరగంటలో నీలం జెండా బొమ్మ పెట్టుకున్న ఇంకొకడు మాదిగలను పట్టుకుని అంతకంటే చెడ్డ మాట రాశాడు. రెండు పేటలూ భగ్గుమన్నాయి. తీరా నోటు పుస్తకం తీసి చూస్తే ఆ రెండు నంబర్లూ ఏ పేటవీ కావు. లింకు పట్టుకుని లోపలికి వచ్చినవి. ఎవరు చేర్చారో ఎవరికీ తెలియదు. వాళ్ళిద్దరూ ఎవరో, ఇద్దరూ ఒక్కడేనో ఇప్పటికీ తెలియదు. కాని ఆ నాలుగు వాక్యాలకు ఒకరి ఇంట పెళ్ళికి ఒకరు వెళ్ళడం మానేశాం.

కాబట్టి మొదటి కట్టుబాటు ఇది. జై భీమ్ అన్నవాడల్లా మనవాడు కాడు. ముఖం తెలియని నంబరు గ్రూపులో ఉండకూడదు. లింకు ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు. కొత్తవాళ్ళు చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలనే ఏర్పాటు గ్రూపులోనే ఉంది, దాన్ని ఆన్ చెయ్యాలి. ప్రతి పేట నుంచీ ఒక అడ్మిన్, అందులో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. మనవాళ్ళ పేరుతోనే చెడ్డ మాట వస్తే, జవాబు రాసే ముందు ఆ మనిషికి ఫోన్ చెయ్యాలి. పేట పక్కదే అయితే నడిచి వెళ్ళి అడగాలి.

ఇప్పుడు తిట్టు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో వరసగా చెబుతాం. రాసుకోండి.

ముందు జవాబు రాయకండి. ఫోన్ పక్కన పెట్టి మంచినీళ్ళు తాగండి. తరవాత తెర ఫొటో తీయండి. అందులో తేదీ, టైము కనబడాలి. ఆ నంబరు మీ ఫోన్లో పేరుతో ఉంటే, పేరు మీద నొక్కి అసలు నంబరు కనబడేలా ఇంకో ఫొటో తీయండి. ఫేస్‌బుక్ అయితే పేరు చాలదు, పేరు రేపు మార్చేస్తాడు. ఆ ఖాతా లింకు కాపీ చేసి దాచండి. ఇవన్నీ అయ్యాకే రిపోర్టు కొట్టండి, ఆ తరవాత బ్లాక్ చెయ్యండి. మెసేజ్ వచ్చిన ఫోన్ జాగ్రత్త, అమ్మకండి, అందులోది చెరపకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. ఫోన్ ఉంటేనే సర్టిఫికెట్. ఆ బొమ్మని సంఘంలో ఒక్కరికి పంపండి చాలు, పదిమందికి వద్దు.

చట్టం మన చేతిలో ఉంది. అట్రాసిటీ చట్టం 1989 నాటిది. 2016 జనవరి 26 నుంచి సవరణలతో గట్టిపడింది. మూడో సెక్షన్ చూడండి. పదిమంది ఎదుట కావాలని అవమానిస్తే 3(1)(ఆర్). కులం పేరుతో తిడితే 3(1)(ఎస్). మన మీద ద్వేషం రేపేలా రాస్తే 3(1)(యు). మనం గౌరవించే, కాలం చేసిన మహనీయులను కించపరిస్తే 3(1)(వి). బాబాసాహెబ్ బొమ్మకి చేసిన అవమానం ఇందులోకి వస్తుంది. ఫోన్లో తిట్టింది పదిమంది ఎదుట ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. 2022లో కేరళ హైకోర్టు ఇంటర్నెట్‌లో పెట్టింది కూడా పదిమంది ఎదుట అన్నట్టేనని చెప్పింది. అయితే ఇంకోటి గుర్తుంచుకోండి. తిట్టు కులాన్ని బట్టి అవమానించడానికే అని కనబడాలి. ఎస్సీ మనిషిని తిట్టినంత మాత్రాన ఈ చట్టం రాదని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. మాల మాదిగలం మనలో మనం తిట్టుకుంటే కూడా ఈ చట్టం రాదు. అందుకని అర్జీలో జరిగిన మాట జరిగినట్టు, వాడు వాడిన మాట వాడినట్టే రాయాలి. సిగ్గుపడి చుక్కలు పెట్టకూడదు, కోపంతో కలపకూడదు.

ఈ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. కేసు కట్టడానికి ముందే విచారణ అవసరం లేదని 2018లో చేర్చిన 18-ఏ సెక్షన్ చెబుతుంది. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. మీ పాస్‌వర్డ్ దొంగిలించి మీ పేరుతో తిరిగితే ఐటీ చట్టం 66-సి, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పాత 66-ఎ సెక్షన్ పేరు చెప్పి మన పిల్లలని ఎవరైనా బెదిరిస్తే, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసిందని చెప్పండి. గ్రూపులో ఇంకొకడు పెట్టినదానికి అడ్మిన్‌నే దోషిని చేస్తారేమో అని భయపడి అడ్మిన్‌గా ఉండటం మానకండి. తన చెయ్యి లేకుండా అడ్మిన్ దోషి కాడని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. డబ్బు పోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. కువైట్ అక్క సంగతి మనం మర్నాటి దాకా తెలుసుకోలేదు.

ఇక తాళంచెవులు. డెల్టా వాళ్ళం, లాకులు మనకి తెలుసు. ధవళేశ్వరం దగ్గర కట్టిన ఆనకట్ట నుంచి కాలవలు వస్తాయి. కాలవకి లాకులు ఉంటాయి. లాకు తలుపు ఎప్పుడు ఎత్తాలో లస్కరు చూసుకుంటాడు. దారిన పోయేవాడు వచ్చి 'ఆ చెవి ఇలా ఇవ్వు' అంటే ఇస్తాడా? ఇస్తే చేలు మునుగుతాయి. ఫోన్‌కి వచ్చే ఆరంకెల కోడు ఆ చెవి. బ్యాంకు వాళ్ళు అడగరు, వాట్సాప్ వాళ్ళు అడగరు, కలెక్టరాఫీసు వాళ్ళు అడగరు. అన్న అడిగినా, బావ అడిగినా, మేష్టారు అడిగినా ఇవ్వకండి. ముందు వాళ్ళకి ఫోన్ చేసి గొంతు వినండి.

ఈ మధ్య మనవాళ్ళ ఫోన్లు సరిచేస్తూ ఒక సంగతి చూశాం. నాలుగంకెలు పెట్టమంటే 1404. ఆరంకెలు అడిగితే 140491. అక్షరాలు అడిగితే జైభీమ్ పక్కన 123. ఏంటండీ ఇది? బాబాసాహెబ్ పుట్టినరోజు మనకెంత తెలుసో, మనల్ని ద్వేషించేవాడికీ అంతే తెలుసు. వాడు మొదట నొక్కి చూసేది అదే. బాబాసాహెబ్‌ని గుండెలో పెట్టుకోండి, తాళంలో పెట్టకండి. పిల్లల పుట్టినరోజులు, బండి నంబర్లు కూడా వద్దు.

మరి ఏం పెట్టాలి? ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు మాటలు కలపండి. పులస, నిచ్చెన, తాటాకు, రైలు, ఇలాగ. గుర్తుంటుంది, ఇంకొకడు ఊహించలేడు. ఇవే పెట్టుకోకండి, ఇవి మైకులో చెప్పేశాం. ఒక్కో ఖాతాకి ఒక్కో తాళం. సంఘం యూట్యూబ్‌కీ, ఫేస్‌బుక్‌కీ ఒకటే పెడితే ఒకటి పోయిన రోజున రెండూ పోతాయి. గుర్తుండకపోతే కాగితం మీద రాసి ఇంట్లో పెట్టెలో దాచండి. ఫోన్ కవర్లో మాత్రం పెట్టకండి.

వాట్సాప్ సెట్టింగుల్లో రెండంచెల తాళం అని ఒకటి ఉంది. మీరు పెట్టుకున్న ఆరంకెల పిన్ను లేకుండా ఇంకో ఫోన్లో మీ ఖాతా తెరుచుకోదు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళకముందే అందరం పెట్టుకుందాం. అలాగే లింక్ చేసిన పరికరాలు అనే చోట తెలియని కంప్యూటర్ కనబడితే తీసెయ్యండి. నెట్ సెంటర్లో చూసుకుని వచ్చి మరిచిపోయినవి చాలా ఉంటాయి. ఖాతా పోయిందని తెలిస్తే ఏడుస్తూ కూర్చోకండి. మీ నంబరుతో మళ్ళీ నమోదు చేసుకుని, మీకొచ్చిన కొత్త కోడు కొట్టండి. దొంగ బయటికి పోతాడు. వాడు పిన్ను పెట్టి ఉంటే మీరు లోపలికి వెళ్ళడానికి ఏడు రోజులు ఆగాలి, కాని వాడు మాత్రం అప్పుడే బయట పడతాడు. ఇది ఆనాడు మనకి తెలిసి ఉంటే బాగుండేది.

కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళే అక్కల ఇళ్ళవారికి ఒక మాట. ఇక్కడి సిమ్ముకి రీచార్జి ఆపేస్తే నంబరు రద్దవుతుంది. కొంతకాలానికి ఆ నంబరు ఇంకొకరికి ఇస్తారు. బ్యాంకు కోళ్ళు వాళ్ళకి వెళ్తాయి. వెళ్ళేముందే బ్యాంకులో, వాట్సాప్‌లో నంబరు సంగతి చూసుకోండి.

చివరిగా తల్లిదండ్రులకు. మన పిల్ల ఫొటోకి ఎవడో బూతు రాస్తే ఇంట్లో మనం మొదట చేసేది ఏమిటి? పిల్ల చేతిలో ఫోన్ లాక్కోవడం. కాలేజీ మాన్పించడం. ఆకాశరామన్న కోరింది అదే కదా! వాడి పని మనం పూర్తి చేస్తున్నాం. తప్పు రాసిన వాడిది, శిక్ష చదివే పిల్లకా? పిల్ల వచ్చి మొదట మనకి చెప్పాలంటే, చెబితే ఫోన్ పోదనే ధైర్యం దానికి ఉండాలి.

మన రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు జయభేరి పత్రిక నడిపారు. అచ్చు అక్షరం మన చేతికి రావడానికి అంత పోరాటం అయింది. ఇవాళ ప్రతి పేటలోనూ అరచేతిలో అచ్చుయంత్రం ఉంది. దాన్ని నోరు జారి పోగొట్టుకోవద్దు, చెవి ఇచ్చి పోగొట్టుకోవద్దు.

ఆ పరుగు మానేసిన తమ్ముడు ఈ హాల్లోనే, వెనక వరసలో ఉన్నాడు. తమ్ముడూ, కేసు పడినంత మాత్రాన శిక్ష పడినట్టు కాదు. సంఘం వకీలు దగ్గరికి వస్తుంది, వాయిదాకి వస్తుంది. దరఖాస్తులో కేసు సంగతి దాచకుండా రాద్దాం. నువ్వు మాత్రం రేపు తెల్లారుజామున గట్టు మీదకి రా. మేమూ వస్తాం, పరిగెత్తలేకపోతే నడుస్తాం.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. 1404 పెట్టుకున్నవాళ్ళు చేతులెత్తండి. సిగ్గుపడకండి, మేమూ ఎత్తుతున్నాం. మార్చుకునే ఇళ్ళకి వెళ్దాం.

జై భీమ్.